పోగును ఆపుట, మరల నడుపుట

తొర్రూరునుండి కంప్యూటరు విద్య నేర్చుచున్న శ్రోత ఒకరు మాకొక ప్రశ్న వ్రాసి పంపిరి. "మా పాఠ్యపుస్తకమున జావా భాషకు చెందిన సస్పెండ్, రెస్యూమ్ అను రెండు ఆజ్ఞలు కలవు. నడుచుచున్న పనిని తాత్కాలికముగా ఆపుటకు మొదటిది, ఆగినదానిని మరల నడుపుటకు రెండవది. పుస్తకములో ఉన్నది ఉన్నట్లు వ్రాసినను మా కంప్యూటరు ఒప్పుకొనుట లేదు. ఇంత సామాన్యమైన సౌకర్యమును భాషనుండి ఏల తొలగించిరి?" ఇది వారి ప్రశ్న.

ఇది విద్యార్థులకు మాత్రమే పనికివచ్చు సంగతియని తక్కినవారు పుట త్రిప్పనక్కరలేదు. తొర్రూరు వరంగల్లునుండి ఖమ్మము పోవు రాజమార్గముపై నున్న పట్టణము. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేట జరిగిన పునర్విభజనలో మహబూబాబాదు జిల్లాకు చేరినది. చుట్టుప్రక్కల పల్లెల రైతులు వరి, ప్రత్తి, మిరప పండింతురు. పంట అమ్మిన సొమ్ము నేడు పెక్కుమారులు చేతికి గాక బ్యాంకు ఖాతాకు చేరును. చేరినట్లు ఫోనులో కబురు వచ్చును. బస్సులో సీటును ఇంటినుండియే ఎన్నుకొనవచ్చును. ఈ సౌకర్యములన్నిటి వెనుకను ఒకే సమయమున అనేక పనులు జరుపు ప్రోగ్రాములు కలవు. వానిలో ఒక పనిని ఆపరానిచోట ఆపినచో తక్కినవన్నియు కొయ్యబారిపోవును. అట్లేల జరుగునో, జరుగకుండ ఎట్లు చూడవలెనో ఈ ప్రసంగమున వివరింతుము.

పోగు అనగా నేమి?

ప్రోగ్రాము అనగా కంప్యూటరు చేయవలసిన పనుల పట్టిక. ఆ పట్టికను ఒక్కొక్క పంక్తిగా అనుసరించుచు ముందుకు పోవు నడకకు ఆంగ్లమున థ్రెడ్ అని పేరు. థ్రెడ్ అనగా దారపు పోగు. కావున మేమును దానిని పోగనియే పిలుతుము. తొలినాటి ప్రోగ్రాములలో ఇట్టి నడక ఒక్కటే యుండెడిది. ఒక పంక్తి ముగిసినగాని తరువాతి పంక్తి మొదలుకాదు. నేటి ప్రోగ్రాములలో ఒకే పట్టికను, ఒకే మెమరీని పంచుకొనుచు అనేక పోగులు ఏకకాలమున నడచును. వరంగల్లు కొత్తవాడలో నేయు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ జంపఖానాలో పోగులు వందలున్నను నేత ఒక్కటే. ప్రోగ్రాము సంగతియు అట్లే.

మన చేతిలోని ఫోనునే చూడుడు. ఒక పోగు మన వ్రేలు అద్దముపై ఎచ్చట తగిలినదో కనిపెట్టుచుండును. వేరొక పోగు పాట వినిపించును. ఇంకొకటి క్రొత్త సందేశము వచ్చినదేమో అరయుచుండును. ఒకటి పని ముగించువరకు తక్కినవి ఊరకుండనక్కరలేదు. పోగులవలన కలిగిన మేలు ఇదియే.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. కంప్యూటరులో లెక్కచేయు భాగములు కొన్నియే యుండును. పోగులు మాత్రము వందలు, వేలు. కావున ఆపరేటింగ్ సిస్టమ్ అను పెత్తనదారు ఒక్కొక్క పోగునకు సెకనులో చిన్నభాగము చొప్పున వంతులు వేసి నడిపించును. వంతు తీరిన పోగును ఆపి, అది ఎచ్చట నున్నదో గుర్తు వ్రాసికొని, వేరొకదానికి అవకాశమిచ్చును. ఇట్లు ఒక పోగు సెకనునకు అనేకమారులు ఆగి మరల నడచుచుండును. ఇది సాధారణముగా హానికరము కాదు. ఏలయనగా ఎవరును అడుగకయే దాని వంతు మరల వచ్చును. నేటి మన విషయము వేరు. ఒక పోగు మరియొక పోగును చూచి, "నేను చెప్పువరకు కదలవద్దు" అని ఆజ్ఞాపించుట మన విషయము. ఈ నిలుపుదల ఎంతకాలమో ముందు తెలియదు. తిరిగి నడుచుట ఆజ్ఞాపించినదాని దయపై ఆధారపడి యుండును.

ఇట్టి ఆజ్ఞ కావలెనని తోచుట సహజమే. పాట వినుచుండగా ఫోను మ్రోగినచో పాట ఆగవలెను. పెద్ద చలనచిత్రమును దింపుకొనుచుండగా మధ్యలో ఆపి, రాత్రికి మరల సాగింపవలెనని కోరుదుము. అందుకు సస్పెండ్, రెస్యూమ్ అను రెండు మాటలు చాలవా యని ఎవరికైనను అనిపించును. జావాను నిర్మించినవారికిని మొదట అట్లే అనిపించినది.

తాళము ఎందుకు?

చిక్కును తెలిసికొనుటకు ముందు తాళమును గూర్చి తెలిసికొనవలెను. ఒక రైతు ఖాతాలో రూ. 10,000 ఉన్నవనుకొందము. ప్రత్తి అమ్మిన సొమ్ము రూ. 40,000 జమ కట్టుటకు ఒక పోగు బయలుదేరినది. అదే క్షణమున ఇంటివారొకరు ఏటీఎం వద్ద రూ. 2,000 తీయుచుండగా రెండవ పోగు బయలుదేరినది. మొదటి పోగు నిలువను చూచి 10,000 అని చదివినది. రెండవదియు 10,000 అనియే చదివినది. మొదటిది 40,000 కలిపి 50,000 అని వ్రాసినది. రెండవది తాను చదివిన పదివేలనుండి రెండువేలు తీసివేసి, 8,000 అని దానిపైననే వ్రాసినది. ఉండవలసినవి రూ. 48,000, పుస్తకములో మిగిలినవి రూ. 8,000. దొంగ లేడు, మోసము లేదు, కూడికలో తప్పును లేదు. రెండు పోగులు ఒకే లెక్కపై ఒకే సమయమున చేయివేయుటయే దోషము. ఒక ఏటి కష్టము రెప్పపాటులో మాయమైనది.

దీనికి విరుగుడుగా తాళమను ఏర్పాటు పుట్టినది. ఖాతాను ముట్టదలచిన పోగు ముందుగా ఆ ఖాతా తాళమును పుచ్చుకొనవలెను. తాళము ఒక్కటే. అది ఒక పోగు చేతిలో నున్నంతసేపు రెండవది వాకిట వేచియుండవలెను. పని ముగియగనే మొదటిది తాళమును వదలును, రెండవది పుచ్చుకొనును. బ్యాంకుల కంప్యూటరులలో లెక్కలు చెడకుండుటకు ఇట్టి కట్టుబాట్లు ఉండియే తీరవలెను.

ఈ భావమునకు శాస్త్రరూపము నిచ్చినవారిలో హాలండు దేశీయుడైన ఎడ్స్గర్ డైక్‌స్ట్రా ప్రముఖుడు. కలిసి నడచు పనులను గూర్చి 1965లో ఆయన వ్రాసిన ప్రసిద్ధ వ్యాసమున ఇట్టి కావలికి సెమఫోర్ అని పేరు పెట్టెను. ఆ మాట రైలుదారి ప్రక్కన చేయి వాల్చి, ఎత్తి దారి చూపు సిగ్నలు స్తంభమునకు పేరు. కాజీపేట కూడలిని ఎరిగిన శ్రోతలకు సిగ్నలు సంగతి చెప్పనక్కరలేదు. కంప్యూటరు శాస్త్రజ్ఞుడు రైలువారి మాటను అరువు తెచ్చుకొనెను గనుక, మన చిక్కునకు ఉపమానమును అచ్చటనుండియే తెచ్చుకొందము.

బంతిని పట్టుకొని ఆగిన బండి

ఒంటిదారి గల రైలుమార్గమున రెండు స్టేషనుల నడుమ ఒకే సమయమున ఒక్క బండి మాత్రమే యుండవలెను. ఇందులకై స్టేషనులలో టోకెను యంత్రములను పెట్టిరి. వానినుండి వెలువడు ఇనుప బంతిని సంచిలో నుంచి డ్రైవరునకు అందింతురు. రెండు స్టేషనుల యంత్రములును తీగలతో ముడిపడి యుండుటచే ఒక బంతి వెలుపల నుండగా రెండవది వెలువడదు. బంతి యున్నవానికే దారి. అవతలి స్టేషనులో బంతిని అప్పగించినగాని వేరొక బండికి దారి దొరకదు. ఈ బంతియే మన తాళము.

ఇప్పుడు ఒక అధికారి, బండి ఎచ్చట నున్నదో చూడకయే, "ఆ బండిని ఉన్నచోటనే ఆపుడు, నేను స్వయముగా వచ్చి చెప్పినగాని కదలరాదు" అని ఆజ్ఞ పంపెననుకొందము. ఆజ్ఞ అందిన సమయమునకు బండి స్టేషనులో నున్నచో బాధ లేదు. కాని రెండు స్టేషనుల నడుమ, బంతి చేతిలో నుండగా ఆగినచో ఏమగును? దారి మూతబడును. అధికారి బయలుదేరి వచ్చి, "ఇక కదలుము" అని చెప్పదలచినను, ఆయన యెక్కిన బండికి అదే బంతి కావలెను. బంతి ఆగిన బండిలో నున్నది. ఆగినవాడు ఆజ్ఞకొరకు వేచియున్నాడు. ఆజ్ఞ ఇయ్యవలసినవాడు బంతికొరకు వేచియున్నాడు. తెల్లవారినను ఇద్దరును కదలరు. ఇట్టి స్తంభనమునకు కంప్యూటరు భాషలో డెడ్‌లాక్ అని పేరు.

సస్పెండ్ ఆజ్ఞలోని దోషము సరిగా ఇదియే. అది ఎదుటి పోగు ఏ స్థితిలో నున్నదో విచారింపదు. చేతిలో తాళమున్నదా లేదా యని అడుగదు. ఉన్నచోటనే బిగించివేయును. ఆగిన పోగు తన తాళములను వదలదు.

జావాలో దీనికి సులభమైన నిదర్శనము కలదు. తెరపై ఒక వాక్యమును అచ్చువేయుటకు కూడ పోగు ఒక తాళము పుచ్చుకొనవలెను. లేనిచో రెండు పోగుల అక్షరములు కలగాపులగమగును. ఒక పోగు అచ్చువేయుచు తాళము చేతబట్టుకొని యున్న క్షణముననే యజమాని పోగు దానిని సస్పెండ్ చేసినదనుకొందము. వెంటనే యజమాని పోగు, "పనిని ఆపితిని" అని తానును తెరపై అచ్చువేయబోయినది. ఆ తాళము ఆగినదాని చేతిలో నున్నది. రెస్యూమ్ అను పంక్తి తరువాతి వరుసలోనే యున్నను యజమాని అచ్చటికి చేరజాలదు. ప్రోగ్రామంతయు స్తంభించును.

దీనిలో విశేషమేమనగా, ఈ దోషము ప్రతిమారు బయటపడదు. పోగు తాళము పట్టుకొనియుండు కాలము అత్యల్పము. సస్పెండ్ ఆజ్ఞ సరిగా ఆ క్షణముననే తగులుట అరుదు. కళాశాల ప్రయోగశాలలో వందమారులు నడిపినను సవ్యముగానే నడువవచ్చును. తరువాత వేలమంది ఒకేసారి ఉపయోగించుదినమున, జనము వరుస కట్టి నిలిచియున్నపుడు అది బిగిసిపోవును. మరల నడిపి చూచినచో బాగుగనే నడచును. కారణము దొరకక ప్రోగ్రాము వ్రాసినవారు తల పట్టుకొందురు.

పోయిన ఆజ్ఞ

రెండవ చిక్కు రెస్యూమ్ ఆజ్ఞలో కలదు. ఒక పోగు పని వచ్చినదేమో చూచినది, లేదు. "పని లేదు గనుక నన్ను నేనే ఆపుకొందును" అని నిశ్చయించినది. నిశ్చయించిన తరువాత, ఆగుటకు ముందు, ఒక చిన్న వ్యవధి యుండును. ఆ వ్యవధిలోనే వేరొక పోగు పని తెచ్చి యుంచి, రెస్యూమ్ అని ఆజ్ఞ ఇచ్చినది. మేలుకొనియున్నవానిని లేపుటేమి? ఆజ్ఞ వృథా యైనది. దాని వెనుకనే మొదటి పోగు ఆగినది. పని వాకిట నున్నది, చేయవలసినది నిద్రించుచున్నది, లేపవలసినది లేపితినని తన దారిని తాను పోయినది.

విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇట్టి ఆజ్ఞలు నేటికిని కలవు. అచ్చట ప్రతి పోగునకు ఒక లెక్క యుండును. ఒకమారు ఆపినచో లెక్క ఒకటి పెరుగును. ఒకమారు నడుపుమన్నచో ఒకటి తగ్గును. లెక్క సున్న యైనగాని పోగు కదలదు. ఆ లెక్కకు 127 పరిమితి. మూడుమారులు ఆపి రెండుమారులే నడుపుమన్నచో పోగు ఆగియే యుండును. ఈ ఆజ్ఞలు ప్రోగ్రాములలోని తప్పులు వెదకు డీబగ్గరుల కొరకేగాని, పోగులకు పరస్పరము పొత్తు కుదుర్చుటకు కావని మైక్రోసాఫ్టువారి గ్రంథములలోనే స్పష్టముగా వ్రాయబడి యున్నది.

అంగారకునిపై జరిగినది

తాళము పట్టుకొనిన పోగు ఆగిపోవుటవలన ఎట్టి చిక్కు కలుగునో లోకమునకు తెలిపిన ఉదంతమొకటి కలదు. 1997 జూలై 4న అమెరికా దేశపు మార్స్ పాత్‌ఫైండర్ అను నౌక అంగారక గ్రహముపై దిగినది. మొదట అంతయు సవ్యముగనే సాగినది. కొన్నిదినములకు దానిలోని కంప్యూటరు తనంతట తాను మరల మరల మొదటినుండి ప్రారంభింపసాగెను. ప్రారంభమైన ప్రతిమారును ఆనాటి పని వెనుకబడుచుండెను.

కారణమిది. నౌకలో పనులకు పెద్ద, నడుమ, చిన్న అను అంతస్తులుండెను. సమాచారమార్గమును చూచుకొను పని పెద్దది. వాతావరణపు లెక్కలు సేకరించు పని చిన్నది. ఆ రెంటికిని ఒకే తాళము. చిన్నపని తాళము పుచ్చుకొని యున్నపుడు, నడుమ అంతస్తు పని లేచి, చిన్నదానిని ప్రక్కకు నెట్టి తాను నడువసాగినది. చిన్నది ఆగినది, తాళము దాని చేతిలోనే నిలిచినది. పెద్దపని ఆ తాళముకొరకు వేచి వేచి గడువు దాటినది. గడువు దాటినదని గమనించిన కావలి గడియారము కంప్యూటరును తిరిగి ప్రారంభింపజేసినది. చిన్నదానిని ఎవరును ఆపదలచలేదు. అయినను తాళము చేత నుండగా అది ఆగుటచే పెద్దదియు ఆగవలసివచ్చినది.

భూమిపైనున్న ఇంజనీరులు అదే విధమైన కంప్యూటరుపై ప్రయోగములు చేసి దోషమును పట్టుకొనిరి. తాళము పట్టుకొనిన చిన్నపనికి, దానికొరకు వేచియున్న పెద్దపని అంతస్తును తాత్కాలికముగా ఇచ్చు ఏర్పాటు ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముందే కలదు. దానిని అమలుపరచుమని భూమినుండియే ఆజ్ఞ పంపిరి. అంతటితో చిక్కు తీరినది. ఆగక తప్పనిచో తాళము వదలి ఆగవలెను. తాళము వదలుటకు వీలులేనిచో త్వరగా పని ముగించి వదలునట్లు సాయపడవలెను. ఈ రెండును గాక మూడవ దారి లేదు.

తొలగించిన చరిత్ర

యూనిక్స్ జాతి కంప్యూటరులకు పోగుల విషయమున 1995లో ఏర్పడిన పోసిక్స్ ప్రమాణమున, ఒక పోగు మరియొక పోగును బిగించు ఆజ్ఞకు చోటే ఈయలేదు. జావా భాష తొలి కూర్పులో సస్పెండ్, రెస్యూమ్ ఉండెను. 1998లో 1.2వ కూర్పు వెలువడినపుడు వానిని ఉపయోగింపదగని వాని పట్టికలో చేర్చిరి. పాత ప్రోగ్రాములు చెడునను భయముచే వెంటనే తీసివేయలేదు. 2023లో వెలువడిన 20వ కూర్పునుండి ఆ ఆజ్ఞలను పిలిచినచో పని జరుగక, నిరాకరణము మాత్రమే లభించును. 2024లో వచ్చిన 23వ కూర్పులో వానిని పూర్తిగా తొలగించిరి. మైక్రోసాఫ్టువారి డాట్‌నెట్‌లో సైతము 2005లోనే ఇట్టి ఆజ్ఞలకు కాలము చెల్లినదని ప్రకటించిరి. పుస్తకములో నున్న ఆజ్ఞను క్రొత్త కంప్యూటరు ఏల ఒప్పుకొనదో దీనివలన తేటపడుచున్నది. పుస్తకము పాతది, భాష ముందుకు పోయినది.

మరి ఎట్లు ఆపవలెను?

ఆపుట తప్పు కాదు. ఆగుచోటును ఎన్నుకొను అధికారము ఆగువానికే ఉండవలెను. నేతగాడు భోజనమునకు లేవవలసినపుడు నాడెను పడుగు నడుమ విడిచి లేవడు. దానిని ఒడ్డునకు చేర్చియే లేచును. మా స్టూడియోలోను ఇదియే పద్ధతి. ఒకరు చదువుచుండగా ఆపవలసిన అవసరము కలిగినచో, అద్దము వెనుకనున్నవారు చేతితో సంజ్ఞ చేయుదురు. చదువువారు దానిని చూచి, వాక్యము ముగించి ఆగుదురు. శ్రోతకు సగము మాట వినబడదు.

ప్రోగ్రామున దీనిని ఇట్లు అమర్తురు. యజమాని పోగు ఒక జెండా ఎత్తును. జెండా అనగా మెమరీలో "ఆగుము" అనియో "నడువుము" అనియో చెప్పు చిన్న గుర్తు. పని చేయు పోగు తన పనిలో ఒక్కొక్క భాగము ముగియగనే, తాళములేవియు చేతలేని చోట, జెండావైపు చూచును. "ఆగుము" అని యున్నచో ఆగును. చలనచిత్రమును దింపుకొను పోగైనచో, ఒక్కొక్క ముక్కను వ్రాసి ముగించిన పిమ్మట చూచును. పాట వినిపించు పోగైనచో, స్వరపు చిన్న తునకను పంపిన పిమ్మట చూచును. మనకది మీట నొక్కిన వెంటనే ఆగినట్లే తోచును.

ఆగుటకు జావాలో వెయిట్ అను పద్ధతియు, లేపుటకు నోటిఫై అను పద్ధతియు కలవు. వీనిలో గమనింపదగిన విశేషములు రెండు. మొదటిది, వెయిట్ అనిన పోగు ఆ జెండాకు కావలియైన తాళమును వదలి నిద్రించును. లేచునపుడు మరల తాళము పుచ్చుకొనియే లేచును. రెండవది, జెండాను చూచుటయు, ఎత్తుటయు, దించుటయు ఆ తాళము క్రిందనే జరుగును. కావున చూచుటకును నిద్రించుటకును నడుమ ఆజ్ఞ జారిపోవు సందు లేదు. లేచిన పోగు వెంటనే పరుగెత్తక, జెండాను మరల చూడవలెను. ఎవరును పిలువకయే మెలకువ వచ్చుట కంప్యూటరులోను కలదు.

2004లో వచ్చిన జావా 5వ కూర్పున పార్క్, అన్‌పార్క్ అను మరియొక జోడు చేరినది. దీనిలో లేపుమను ఆజ్ఞ ముందుగా వచ్చినచో అది చీటీవలె నిలువయుండును. తరువాత ఆగబోయిన పోగు ఆ చీటీని చూచి, దానిని ఇచ్చివేసి, ఆగకయే ముందుకు సాగును. పోయిన ఆజ్ఞ చిక్కు ఇట్లు తీరినది. అయితే చేతిలోని తాళములను పార్క్ తనంతట వదలదు. ఆ జాగ్రత్త ప్రోగ్రాము వ్రాయువారిదే.

ఈ మర్యాదపద్ధతికి ఒక లోపము లేకపోలేదు. జెండావైపు ఎన్నడును చూడని పోగు ఎన్నడును ఆగదు. కావున చూచు తావులను తగినంత దగ్గరగా నుంచవలెను. చాలసేపు నిద్రించుచు వేచియున్న పోగునకు జెండా కనబడదు. దానిని తట్టి లేపుటకు ఇంటరప్ట్ అను సంజ్ఞ వేరుగా కలదు. ఎట్టి సంజ్ఞను లక్ష్యపెట్టని పరాయి ప్రోగ్రామును నడుపవలసివచ్చినచో, దానిని మన ప్రోగ్రాములో పోగుగా నుంచక, వేరు మెమరీ గల వేరు ప్రోగ్రాముగా నుంచుట మేలు. అప్పుడు దానిని మొత్తముగా ముగించినను మన మెమరీలోని తాళములు బిగిసియుండవు.

బయటినుండి బిగించుట తగిన సందర్భములును లేకపోలేదు. తప్పులు వెదకు డీబగ్గరు మరియొక ప్రోగ్రాము. అది తాను ఆపిన పోగుల తాళములపై ఆధారపడదు. కావున ఆపి పరిశీలింపవచ్చును. జావా యంత్రము తన మెమరీలోని చెత్తను తీసివేయునపుడు కొన్ని దశలలో పోగులన్నిటిని ఆపవలసివచ్చును. అప్పుడు సైతము అది పోగులను ఉన్నచోటనే బిగింపక సంజ్ఞ నిచ్చును. నడచుచున్న పోగులు క్షేమమైన తావునకు చేరి ఆగును. జావా కట్టడములోనే ఈ మర్యాద పాటింపబడుచున్నది.

ఆపిల్ సంస్థవారి ఫోనులలో మరియొక కట్టడి కలదు. మనము ఒక ఆప్‌ను వదలి వేరొకదానికి పోయినపుడు, మొదటిదానిని వెనుకకు పంపి నిలిపివేయుదురు. నిలుపుటకు ముందు దానికి సూచన అందును. ఇతరులతో పంచుకొను ఫైలు తాళమును అప్పటికిని వదలక పట్టుకొని యున్నచో, ఫోను ఆ ఆప్‌ను నిర్దాక్షిణ్యముగా ముగించివేయును. ఆ ముగింపునకు కారణముగా వ్రాయు సంకేతాంకమును ఆంగ్లాక్షరములుగా చదివినచో డెడ్ లాక్ అనియే వినబడును. తాళముతో నిద్రించుటకంటె ముగిసిపోవుటయే తక్కినవారికి మేలని దాని భావము.

హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. సస్పెండ్, రెస్యూమ్ ఆజ్ఞలను వలదన్నదియు ఆ యేటనే. నాటినుండి మన పల్లెలనుండి, పట్టణములనుండి వేలాది యువతీయువకులు అమీర్‌పేట శిక్షణాలయములలో జావా నేర్చి, ఉద్యోగములలో ప్రవేశించిరి. ఒకరి నోటుపుస్తకమునుండి మరియొకరు వ్రాసికొనుటచే తొలగిపోయిన ఆజ్ఞలు కొన్ని నేటికిని చేతులు మారుచున్నవి. అట్టి పుట ఎదురైనచో దానిని కంఠస్థము చేయక, దాని అంచున "ఆగువాడు తాళము వదలి, తన చోట తాను ఆగవలెను" అని వ్రాసికొనుట మంచిది. ఇంటర్వ్యూలో ఈ సమాధానము పనికివచ్చును. అంతకంటె ముఖ్యముగా, వారు రేపు వ్రాయబోవు ప్రోగ్రాములో ఒక రైతు ఖాతా ఉండవచ్చును. ఆ ఖాతా తాళమును చేతబట్టుకొని ఏ పోగును నిద్రింపకుండ చూచుట వారి బాధ్యత.

తాళము ఒక్కటైనపుడు కలుగు చిక్కును నేడు చెప్పితిమి. తాళములు రెండై, ఇద్దరును చెరియొకటి పట్టుకొని రెండవదానికై వేచియుండుట మరియొక కథ. దానిని వేరొక ప్రసంగమున ముచ్చటింతుము.